అడుగు మేస్త్రి

రాసుకో కోడలా. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, నీ ఇష్టమొచ్చినట్టు దిద్దకు. మధ్యలో నీ గురించి కూడా నాలుగు మాటలొస్తాయి. అక్కడ కలం ఆపావంటే నాకు తెలిసిపోతుంది. రెండో తరగతితో బడి మానేసినదాన్నే, కాదనను. కానీ కలం నడుస్తోందో ఆగిందో చెవికి తెలుస్తుంది.

బండ్లు నడిపేవాళ్లంతా కలిసి మేస్త్రి మీద చిన్న పుస్తకం వేస్తున్నారట, షెడ్డు పెట్టి నలభై ఏళ్లయిందని. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పాలట. ఆయన గురించి నాకు బాగా తెలిసింది ఆయన కాళ్లే. కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడతా.

మా వీధి చివర రేకుల షెడ్డు ఉంది కదా. ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఎప్పుడు అటు వెళ్లినా ఏదో ఒక బండి, దాని కింద నుంచి బయటికి రెండు పాదాలు. అంతే. మనిషి ముఖం చూడటానికి నాకు ఏడాది పట్టింది. ఈలోపల ఆ పాదాలతోనే మాట్లాడేదాన్ని. పలకరిస్తే లోపల్నుంచి బావిలోంచి వచ్చినట్టు గొంతు వచ్చేది, "చెప్పక్కా" అని. వయసులో నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. నేను తమ్ముడూ అనేదాన్ని. పోనుపోను ఆ పాదాల్ని బట్టే ఆయన మనసు తెలిసేది. బొటనవేలు ఆడుతోందంటే పని సాగుతోందని. పాదాలు రెండూ చెరో పక్కకి వాలిపోయాయంటే ఏదో ఆలోచిస్తున్నాడని. ఒకదాని మీద ఒకటి వేశాడంటే నట్టు మొండికేసిందని, అప్పుడు పలకరించకూడదు. వాళ్లావిడ కుట్టుపని చేస్తుంది. నాతో ఒకసారి అంది, "పెళ్లి రోజున ముఖం చూశాను వదినా, ఆ తర్వాత నాకూ ఇవే" అని.

అందరూ అడుగు మేస్త్రి అంటారు. బండి అడుగున ఉంటాడు కాబట్టి ఆ పేరొచ్చిందని నేననుకున్నా. చాలామంది అలాగే అనుకుంటున్నారు. కాదు. దాని సంగతి దాని చోటొచ్చినప్పుడు చెప్తా.

ఆయన పనిలో రెండు పిచ్చులున్నాయి. ఒకటి పళ్లెం. పాత సత్తుపళ్లెం, సొట్టలు పడింది, ఒకప్పుడు ఎవరో అన్నం తిన్నదే. బండిలోంచి విప్పిన ప్రతి ముక్కా అందులోకి వెళ్లాలి. తిరిగి బిగించాక పళ్లెం ఖాళీ అవ్వాలి. ఒక్క వాషరు మిగిలినా సరే, దాని ఇల్లెక్కడో తేలేదాకా బండి షెడ్డు దాటదు. రెండోది నేల పిచ్చి. పొద్దున బండి కాస్త వెనక్కి తీసి, దిగి, అది రాత్రంతా నిలబడ్డ నేల చూడమంటాడు. నూనె చుక్క ఉందా, నీళ్లున్నాయా, ముక్కేమైనా రాలిందా అని. పసిపిల్లని లేపాక పక్క తడిమినట్టన్నమాట. వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్తాడు. ప్రతివాడూ ఊ అంటాడు, ఎవడూ చూడడు.

మా కోడలు బడి వ్యాను నడుపుతుంది. పదకొండు మంది పిల్లలు. మా అబ్బాయి కాగితాల మిల్లులో షిఫ్టుల మనిషి, ఎప్పుడు ఇంట్లో ఉంటాడో వాడికే తెలీదు. కాబట్టి ఇల్లు నడిపేదీ వ్యాను నడిపేదీ ఈవిడే. బాగా నడుపుతుంది. గుంత కనిపిస్తే చంటిబిడ్డనెత్తుకున్నట్టు దించి ఎక్కిస్తుంది. ఈ మాట నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు. ఇదిగో, ఇప్పుడు అన్నా. రాశావా? ముక్కు తర్వాత తుడుచుకుందువుగాని, రాయి.

మొన్న ఎండలు ముదరకముందు వ్యానుకి క్లచ్ వైరు తెగిపోతే మేస్త్రి దగ్గర పెట్టాం. ఒక పూట పని. సాయంత్రానికి బిగించేశాడు. పళ్లెంలో చూస్తే ఒక వాషరు మిగిలింది. చిటికెనవేలి ఉంగరమంత. ఇంకేముంది, బండి కదలడానికి వీల్లేదన్నాడు. మర్నాడు పొద్దున వెళ్తే మళ్లీ విప్పుతున్నాడు. మధ్యాహ్నం వెళ్తే ఇంకా విప్పుతూనే ఉన్నాడు. ఇక్కడ తల్లులు ఫోన్ల మీద ఫోన్లు, పిల్లల్ని ఎవరు దింపుతారని. కోడలు నోరు మెదపదు. అది మెదపకపోతే నేను మెదపాలి కదా, ఇంట్లో ఎవరో ఒకరు.

వెళ్లి ఆ కాళ్ల ముందు నిలబడి కడిగేశాను. ఉతికిన బట్టల్లో ఒక గుండీ మిగిలిందని ఊరందరి చొక్కాలూ విప్పించి చూస్తావా అన్నా. నీకు పని చేతకాక పళ్లెం మీద పెడుతున్నావన్నా. ఇంకా అన్నాను, అవన్నీ రాయక్కర్లేదు. ఆయన లోపల్నుంచి ఒక్క మాటే అన్నాడు. గుండీ ఊడితే చొక్కాయే పోతుంది అక్కా అని. నేను వినే స్థితిలో లేను. కోడల్ని పిలిచి బండి తియ్యమన్నా. వాషరు పళ్లెంలో ఉండగానే బండి షెడ్డు దాటింది. నలభై ఏళ్లలో అదే మొదటిసారట. ఆ పేరు నాకే దక్కింది.

ఆ తర్వాత ఓ మూడు వారాలకి స్టీరింగు బరువుగా తిరుగుతోందంది కోడలు. మేస్త్రి దగ్గరికి వెళ్లనా అనడిగింది. వద్దన్నాను. నేనే వద్దన్నాను, ఇక్కడ నా పేరే ఉండాలి. పెద్దరోడ్డు మీద కొత్తగా అద్దాల తలుపుల షెడ్డు పెట్టారు, అక్కడికి పొమ్మన్నా. గంటలో ఇచ్చేశారు. నేలంతా మెరిసిపోతోందట, పళ్లెమూ లేదు, గిళ్లెమూ లేదు. చూశావా, పనంటే అది అని మూడు రోజులు మెచ్చుకున్నా.

నాలుగో రోజు పొద్దున వ్యాను వెళ్లిపోయాక వాకిలి ఊడుస్తున్నా. చీపురుకి ఏదో తగిలి ఖంగుమంది. తీసి చూస్తే ఒక ఇనప సీల. వేలంత పొడుగు, ఒక కొసన గుండ్రంగా కన్ను, ఆ కన్ను నుంచి రెండు కాళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని దిగుతాయి. తలవెంట్రుకలకి పెట్టుకునే పిన్ను చూడు, దాన్ని లావుగా చేసినట్టు. మా గేటు గొళ్లానికి పెట్టే మేకు ఎప్పుడో పోయింది. ఓ పుల్ల దూర్చి నెట్టుకొస్తున్నాం. ఈ సీల చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. గొళ్లెం కోసమే ఎవరో చేసి పడేసినట్టుంది. బూడిదేసి గిన్నెలతోపాటు తోమి, తుడిచి, గొళ్లెంలో దూర్చా. అతికినట్టు సరిపోయింది.

అది వ్యాను నిలబడ్డ చోటే దొరికింది. ఆ మాట నాకు తట్టలేదా అంటే తట్టింది. వీధన్నాక వంద పడుంటాయిలే అనుకున్నా. కోడల్ని అడగలేదు. ఎవర్నీ అడగలేదు. పైపెచ్చు సాయంత్రం తను గేటు తీస్తుంటే, చూశావా, నువ్వు ఏడాదిగా కొనలేని మేకు నేను ఊడ్చి సంపాదించానని దెప్పా కూడా. అది నవ్వి లోపలికి పోయింది. మూడు రోజులు ఆ సీల మా గేటుకి కాపలా కాసింది. మూడు రోజులు అది లేని వ్యానులో పదకొండు మంది పిల్లలు బడికి వెళ్లొచ్చారు.

మూడో రోజు మధ్యాహ్నం, మూడున్నర దాటిందేమో, గేటు దగ్గర అలికిడైంది. చూస్తే మేస్త్రి. నిలువునా నిలబడి ఉన్నాడు, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని. ఆయన్ని ఆ వేషంలో చూసి ఎవరింట్లో పెళ్లో అనుకున్నా. మా ఇద్దరికీ మాటల్లేక అప్పటికి నెల. కుర్చీలోంచి లేవలేదు నేను. రమ్మనీ అనలేదు.

గొళ్లెంలో సీల తీస్తేగాని గేటు తెరుచుకోదు కదా. తీశాడు. తీసినవాడు లోపలికి రాడే. అక్కడే నిలబడిపోయాడు, ఎడమచేతిలో ఏదో పట్టుకుని, కుడిచేతిలో ఈ సీల పట్టుకుని. వేళ్లతో ఒకసారి దొర్లించాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా, ఇది ఎక్కడిది?"

నేల మీద దొరికిందన్నా, కటువుగానే.

"ఏ నేల మీద?"

ఆ అడగడంలో ఏదో ఉంది. అరవలేదు, కంగారూ పడలేదు. వ్యాను నిలబెట్టే చోట అన్నా. మూడు రోజులైందన్నా. శుభ్రంగా తోమానని కూడా చెప్పా, అదేదో గొప్పలాగ.

నా పక్కనే మెట్టు మీద కూచుని సీలని వెలుతురుకి పెట్టాడు. ఆయన చూసిన పద్ధతి చెప్పాలి, ఎందుకంటే ముప్పై ఏళ్లు కాళ్లు చూశాను గానీ చేతులు పని చెయ్యడం దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. ముందు గోరు పెట్టి ఆ రెండు కాళ్లనీ కాస్త విడదీశాడు. నేను పైన తోమానే గానీ సందులో తోమలేదు. సందులో నల్లగా గ్రీజు, ఇంకా పచ్చిది. వీధిలో పడున్న ముక్కకి మట్టి పడుతుంది గానీ లోపల పచ్చి గ్రీజు ఉండదు అన్నాడు. అంటే ఇది ఏదో బండి కడుపులోంచి వచ్చింది, ఈ మధ్యే వచ్చింది. తర్వాత కాళ్ల మీద వేలితో రాశాడు. కొసలకి కాస్త పైన, రెండింటికీ సన్నటి మడత గీత ఉంది. నా వేలు తీసుకుని అక్కడ పెట్టించాడు. నాకూ తెలిసింది.

ఈ సీల ఒకసారి వంచి, మళ్లీ తిన్నగా చేసిందట. దీన్ని బోల్టు చిల్లులోంచి దూర్చి, కాళ్లు చెరో వైపు వంచెయ్యాలట. అప్పుడే పైనున్న నట్టు తిరగకుండా కాపలా ఉంటుంది. ఎవరో విప్పారు, పాతదాన్నే తిన్నగా చేసి తిరిగి దూర్చారు, కాళ్లు వంచడం మర్చిపోయారు. కాళ్లు వంచకపోతే ఇది ఇంట్లో నిలవదక్కా అన్నాడు. ఇంకో రోజైతే, మా ఇంటాయనా అంతే, ఏనాడూ కాలు వంచి ఇంట్లో నిలిచింది లేదు అని ఉండేదాన్ని. ఆ రోజు రాలేదు ఆ మాట.

సీల లావు తన చిటికెనవేలి గోరుతో కొలిచాడు. మీ వ్యానులో ఇంత లావుది మూడు చోట్ల ఉంటుంది, ఈ మధ్య ఎవరైనా ఎక్కడైనా చెయ్యి పెట్టారా అనడిగాడు. స్టీరింగు అన్నా. ఎక్కడ చేయించారని మాత్రం ఆయన అడగలేదు. ఈ రోజుకీ అడగలేదు.

"పిల్ల ఎక్కడుంది అక్కా ఇప్పుడు?"

బడి దగ్గర. నాలుగింటికి వదులుతారు. గోడ మీద గడియారం పది తక్కువ నాలుగు చూపిస్తోంది. బడి ఉన్నది మిట్ట మీద, దిగేటప్పుడు రోడ్డు జారుడుబండలా ఉంటుంది, కింద నాలుగు రోడ్ల కూడలి. ఫోను చేశా. మోగుతోంది, ఎత్తదు. ఎందుకెత్తుతుంది? బండెక్కి కూచున్నాక ఫోను ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని నేనే కదా చెప్పింది. నా మాట వినదు వినదు అని ఇరుగుపొరుగుకి చెప్పుకుంటూ తిరిగేదాన్ని. విన్నది, చూడు, విని చంపేసేలా ఉంది నన్ను.

మేస్త్రికి ఓ పాత మోపెడ్డుంది. వెనక ఎక్కమన్నాడు. రెండు చక్రాల బండెక్కి నాకు ఇరవై ఏళ్లు. ముందు షెడ్డు దగ్గర ఆపి పనిసంచీ అందుకుని నా ఒళ్లో పెట్టాడు. దాని బరువు నా బరువంత. పుట్టి బుద్ధెరిగాక ప్రతివాణ్ణీ నెమ్మదిగా పోరా అని తిట్టినదాన్ని, ఆ రోజు దారి పొడుగునా ఇంకా తొందరగా, ఇంకా తొందరగా అని ఆయన వీపు మీద గుద్దుతూనే ఉన్నా. సీల నా గుప్పిట్లోనే ఉంది. ఇల్లు చేరాక చూసుకుంటే అరచేతిలో దాని అచ్చు పడి ఉంది.

మిట్ట ఎక్కేసరికి వ్యాను అప్పుడే బడి గేటులోంచి బయటికి మూతి పెట్టింది. మోపెడ్డు ఆగకముందే దిగాను, దిగానో పడ్డానో, వెళ్లి రోడ్డుకడ్డంగా చేతులు చాపుకుని నిలబడ్డా. కోడలు బ్రేకు తొక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "అత్తయ్యా, ఏమైంది, ఆయనకేమైనా అయిందా" అంది. పాపం, మిల్లులో ఏదో జరిగిందనుకుంది. దిగు అన్నా. పిల్లల్ని దింపు అన్నా. ఎందుకని అడగలేదు. అది దాని మంచితనం. నేనైతే సవాలక్ష అడిగేదాన్ని.

పదకొండు మందీ దిగారు, ఎప్పుడూ నిద్రపోయేవాడొకడుంటే వాణ్ణి భుజాన వేసుకుని దింపింది. బడి ప్రహరీ పక్కన వరసగా నిలబెట్టింది. మేస్త్రి చక్రాలకి రాళ్లు పెట్టించి, ఆ తెల్లచొక్కాతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని లోపలికి పాకాడు. మళ్లీ ఆ రెండు పాదాలే మిగిలాయి. బొటనవేలు ఆడలేదు. చెరో పక్కకీ వాలలేదు. నిటారుగా ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాయి. వాటినలా నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి లోపల్నుంచి, "అక్కా, వంగగలవా, చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు. మోకాళ్ల మీద కూలబడి ముందు చక్రం పక్కనుంచి చెయ్యి పెట్టా. నా వేళ్లు పట్టుకుని ఒక నట్టు మీద ఆనించాడు. చుట్టూ పళ్లున్న నట్టు, బొమ్మల్లో రాజుగారి కిరీటంలా. తిప్పమన్నాడు. పానాలతో బిగించి ఉండాల్సిన నట్టు, ముసలిదాన్ని, రెండు వేళ్లతో తిప్పితే సీసా మూతలా తిరిగింది. మూడో చుట్టుకి ఊడి నా చేతిలో పడింది. చక్రాన్ని అటూ ఇటూ తిప్పే కడ్డీని పట్టి ఉంచేది ఆ నట్టేనట. అదూడి, కడ్డీ జారిందంటే స్టీరింగు చేతిలో ఉంటుంది, చక్రం మాత్రం దాని ఇష్టం. మిట్ట దిగువన కూడలి.

కోడలు నా పక్కనే వంగి చూసింది. నా చేతిలో నట్టు చూసింది, ఇంకో చేతిలో గేటు సీల చూసింది. దానికి అర్థమైంది. పిల్లల వైపు తిరిగి లెక్కపెట్టింది. పదకొండూ వచ్చాక మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

క్షమించమని అడగడం నా నోటికి అలవాటు లేదు, చిన్నప్పట్నుంచీ లేదు. మనిషి ముఖం ఎదురుగా ఉంటే అప్పటికీ అని ఉండేదాన్ని కాదేమో. ఎదురుగా పాదాలే ఉన్నాయి. ఎవడి కాళ్లైనా పట్టుకోవాల్సి వస్తుంది నీకు ఒకనాటికి అని మా అమ్మ నన్ను తిట్టేది. ఆ ఒకనాడు వచ్చింది. రెండు చేతులా పట్టుకున్నా. తప్పైపోయింది తమ్ముడూ అన్నా.

లోపల్నుంచి గొంతొచ్చింది. "వదులక్కా, చక్కిలిగిలి."

వరసలో నిలబడ్డ పిల్లలు పకపకా నవ్వారు. కోడలూ నవ్వింది, ఏడుస్తూనే. పనిచూసుకోనీ అన్నట్టు పాదాలు వెనక్కి లాక్కున్నాడు. అప్పుడాడింది బొటనవేలు.

నట్టు నా చేతిలో ఊడిందే పెట్టాడు గానీ సీల పెట్టలేదు. ఇదే పెట్టు, గట్టిగానే ఉందిగా అన్నా, పొదుపు ఎక్కడికి పోతుంది నాకు. ఒకసారి వంచి తీసింది మళ్లీ వంచితే విరుగుతుందన్నాడు. సంచీలోంచి కొత్తది తీసి, దూర్చి, కాళ్లు చెరో పక్కకీ వంచి, కోడల్ని పిలిచి చూపించాడు. మిగతా మూడు చక్రాల దగ్గరా పాకి చూశాడు. ఆ పని చేస్తూనే చెప్పాడు తన పేరు సంగతి. మేం రోడ్డు మీద చతికిలబడి వింటున్నాం, ఆయన కనిపించకుండా చెప్తున్నాడు.

ఆయనకి పంతొమ్మిదో ఏట పెద్ద బస్సుల గ్యారేజీలో పనట. ఒక బస్సుకి బ్రేకు పెడల్ సామాను బిగించాక ఒక బోల్టు మిగిలింది. అడిగితే, బిగించేటప్పుడు నిద్రపోయావా అని అందరి ముందూ తిడతారు. అందుకని అడగలేదు. జేబులో వేసుకున్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం పెడల్ ఊడి బస్సు గోడకి గుద్దింది. మనుషులు బతికారు, డ్రైవరుకి మోకాలు చితికిపోయింది. ఈయన బోల్టు పట్టుకుని ఆసుపత్రికెళ్లి నిజం చెప్పాడట. ఆ డ్రైవరు తిట్టలేదు, కొట్టలేదు. "అడిగుంటే పోయేది కదరా" అన్నాడట. అంతే.

అప్పట్నుంచి గ్యారేజీలో ఎవరి చేతిలో ఏ ముక్క మిగిలినా అడుగు, అడుగు అని వెంటపడేవాడట. అడిగితే పోయేదేం లేదు, తిడితే నన్ను తిట్టమను అనేవాడట. అలా అడుగు మేస్త్రి అయ్యాడు. అడుగున ఉంటాడని కాదు. అడగమంటాడని. ఆయన షెడ్డులో మేకుకి దారం కట్టి ఒక తుప్పు బోల్టు వేలాడుతుంటుంది. దిష్టికి కట్టాడనుకునేదాన్ని. అదే ఆ బోల్టు. ఆ డ్రైవరు బతికున్నన్నాళ్లూ ఏటా వెళ్లి చూసొచ్చేవాడట.

పని అయ్యాక పిల్లల్ని దింపడానికి ఆయన కూడా వ్యానెక్కాడు, కోడలి పక్కన కూచున్నాడు. చొక్కా వెనకంతా రోడ్డు అచ్చు. నేను వెనకాల పిల్లల మధ్య ఇరుక్కున్నా. ఆలస్యం ఎందుకైందని తల్లులడిగితే బండి ఆగిపోయిందని చెప్పొచ్చు. కోడలు అదే చెప్దామని చూసింది, నన్ను కాపాడ్డానికి. నేనొప్పుకోలేదు. పదకొండు గుమ్మాల దగ్గరా నేనే దిగి చెప్పాను, ముక్క నాకు దొరికింది, నేను అడగలేదు, గేటుకి పెట్టుకున్నాను అని. కొందరు తిట్టారు. తిట్టాలి. ఒకావిడ పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని తలుపేసుకుంది, తిట్లకంటే అదే ఎక్కువ తగిలింది. వాణ్ణి రెండు రోజులు బండికి పంపలేదు. మూడో రోజు వాడు మామూలుగా వచ్చి, ముసలమ్మ ఇంకా చక్కిలిగిలి పెడుతుందా అనడిగాడట.

ఇంటికొచ్చాక టీ ఇచ్చాం. తాగి, లేచి, గేటు దాకా వెళ్లాక గుర్తొచ్చింది నాకు. అసలు నువ్వు ఎందుకొచ్చావు తమ్ముడూ, చొక్కా గిక్కా వేసుకుని అనడిగా. జేబులోంచి ఆ వాషరు తీశాడు. నెల కింద మా బండి పని చేసినప్పుడు పళ్లెంలో మిగిలింది, నేను చొక్కా గుండీ అన్నది. నెల రోజులూ దాని ఇల్లు వెతుకుతూనే ఉన్నాడట. ఆ రోజు పొద్దున బండి కింద పని చేస్తుంటే ఆయన పడుకుని దొర్లే చక్రాల బల్లకి ఒక చక్రం ఊడి కింద పడ్డాడట. చూస్తే వాషరు దానిది, ఆవేళ రాలి మా బండి ముక్కల్లో కలిసిపోయింది.

"మీ బండిది కాదక్కా, నా బల్లది. నువ్వన్నదే రైటు. ఊరికే రెండు రోజులు ఆపాను. చెప్పిపోదామని వచ్చా."

అది వినండి. తన తప్పు ఒప్పుకోవడానికి చొక్కా ఉతుక్కుని వచ్చాడు మహానుభావుడు. రాకపోతే? వాషరు సంగతి ఎవడికి తెలుసులే అనుకునుంటే? నాలాగ. అందుకే నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ బల్ల చక్రాన్ని కూడా తలుచుకుంటా. సరైన రోజున ఊడింది.

ఆ సీల ఆయనే అడిగి తీసుకున్నాడు. బోల్టు పక్కనే వేలాడుతోంది ఇప్పుడు. మా గేటుకి మేకొకటి సాన పట్టి, చిన్న గొలుసుతో గొళ్లానికే కట్టి ఇచ్చాడు, మళ్లీ నేల మీద వెతుక్కోకుండా.

ఇప్పుడాయన నడుం సరిగ్గా లేదు. కిందికి దూరడం తగ్గించాడు. స్టూలు మీద కూచుని చేతికిచ్చిన ముక్కని చూసి చెప్తాడు, ఇది దేనిది, ఎందుకూడింది అని. వరసకట్టి వెళ్తారు జనం. ముఖం చూస్తూ మాట్లాడటం నాకింకా కొత్తగానే ఉంది, కాసేపయ్యాక చూపు దానంతటదే కిందికి పోతుంది.

రోజూ పొద్దున కోడలు వ్యాను వెనక్కి తీస్తుంది. నేను వంగి నేల చూస్తా. ఆకు దొరికినా తిప్పి చూస్తా. నిన్న ఒక స్క్రూ దొరికింది, ఆవగింజంత. కోడల్ని బండి కదపొద్దన్నా. పిల్లలకి ఆలస్యమైనా సరే అన్నా. గుప్పిట్లో పెట్టుకుని షెడ్డుకి పరుగెత్తా. మేస్త్రి దాన్ని అరచేతిలో వేసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఈయనకీ తెలీడం లేదేమో అనుకున్నా. చెయ్యి చాపి నా ముఖం మీదున్న కళ్లద్దాలు తీసుకున్నాడు. ఎడమపక్క కాడ వేలాడుతోంది. గోటితోనే బిగించి మళ్లీ నా ముక్కు మీద పెట్టాడు.

"ఇల్లు దొరికింది, వెళ్లిరా అక్కా. అడిగి మంచి పని చేశావు" అన్నాడు.